మంట ముందు.. శకటం తర్వాత: కోనసీమలో అగ్నిమాపక సేవలు నాడు, నేడు

అమలాపురం: గోదావరి డెల్టాలో ఏటా వేసవిలో రెండు పరిణామాలు ఒకేసారి సంభవిస్తాయి. దాళ్వా మాసూళ్లు పూర్తయ్యాక మరమ్మతుల నిమిత్తం కాలువలకు నీరు నిలిపివేస్తారు. అదే సమయంలో పడమటి గాలులు మొదలై తాటాకు కప్పులు, గడ్డిమేట్లు, కొబ్బరి డొక్కల రాశులు నిప్పురవ్వ తగిలితే చాలు భగ్గుమనేంతగా ఎండిపోతాయి. నీటి అవసరం అత్యధికంగా ఉన్న నెలల్లోనే నీరు అందుబాటులో ఉండదు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ, అడుగడుగునా కాలువలున్న సీమలో నిప్పు భయమేమిటని బయటివారికి అనిపించవచ్చు. ఇక్కడివారికి ఆ సందేహం లేదు. పూరిళ్లను బుగ్గి చేసిన మంటలను, నేల అడుగు నుంచి ఎగసిన మంటలను ఈ ప్రాంతం చూసింది.

ఈ రెండు రకాల మంటలకూ ఒక పోలిక ఉంది. ఏ ప్రమాదంలోనైనా మొదటి నిమిషాలు ఊరివారివే. అగ్నిమాపక శకటం ఎంత వేగంగా బయలుదేరినా అది చేరేది ఆ తర్వాతే. ఆ మొదటి నిమిషాల్లో ఏమి చేయాలో తెలిసిన ఊరు తక్కువ నష్టంతో బయటపడుతుంది. నాటి పద్ధతులు, నేటి పరికరాలు, మధ్యలో వచ్చిన మార్పులు తెలుసుకోవలసింది ఇందుకే.

పూరిళ్ల కాలం

డాబా ఇళ్లు విస్తరించక ముందు కోనసీమ పల్లెల్లో తాటాకు ఇళ్లే అధికం. నిట్రాడు, వాసాలు, వెదురు, తాటాకు.. ఇంటిలో మట్టిగోడ మినహా అన్నీ మండే వస్తువులే. ఒక ఇంటి చూరు మరో ఇంటి చూరును తాకేలా పేటలు ఉండేవి. కట్టెల పొయ్యిలో ఆరని నిప్పు, కిరోసిన్ బుడ్డి, దీపావళి నాటి తారాజువ్వ, ఆర్పకుండా పారేసిన చుట్ట పీక.. కారణం ఏదైనా ఫలితం ఒకటే. గాలి వాటం చూసుకుని మంట ఒక కప్పు నుంచి మరో కప్పుకు దూకేది. గంట తిరగకుండా పేట మొత్తం కట్టుబట్టలతో మిగిలేది.

ఆ రోజుల్లో ఊరివారికి తెలిసిన పద్ధతులు కొన్ని ఉండేవి. కేక వినగానే ముందుగా పశువుల పలుపులు కోసి వదిలేవారు. ముసలివారిని, పసిపిల్లలను గాలికి ఎదురు దిశలో బయటకు చేర్చేవారు. చెరువు నుంచి మంట వరకు మనుషులు వరుసగా నిలబడి బిందెలు, బకెట్లు చేతులు మార్చేవారు. నిండు బిందెలు ఒక వరుసలో, ఖాళీ బిందెలు మరో వరుసలో నడిచేవి. తడిపిన గోనెసంచులను పక్క ఇళ్ల కప్పులపై పరిచేవారు.

వీటన్నింటికంటే కీలకమైనది, కష్టమైనది మరొకటి ఉంది. అంటుకున్న ఇంటిని వదిలేసి, గాలి వాలున ఉన్న తర్వాతి ఇంటి కప్పును గెడలతో, కొక్కేలతో లాగి పడవేయడం. మంటకు మేత అందకుండా ఖాళీ జాగా సృష్టించడమే దాని ఉద్దేశం. అంటుకోని ఇంటిని కూల్చేందుకు యజమాని అంగీకరించాలి. అంగీకరించకపోతే పెద్దలు నిర్ణయించాలి. ఈ విషయమై తగవులు పడిన ఊళ్లూ ఉండేవి. అయినా ఆ ఒక్క ఇంటి త్యాగంతో మిగిలిన పేట నిలిచేది. అడవి మంటలను అదుపు చేసేటప్పుడు నేటికీ ఇదే సూత్రం పాటిస్తారు.

ట్రైలర్ పంపు నుంచి నీటి శకటం దాకా

మద్రాసు రాష్ట్ర కాలంలో యంత్రసాయం పెద్ద పట్టణాలకే పరిమితం. రెండో ప్రపంచ యుద్ధం ఈ పరిస్థితిని కొంత మార్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. యుద్ధకాలంలో వైమానిక దాడుల ముందుజాగ్రత్త ఏర్పాట్లలో భాగంగా దేశంలోని పలు పట్టణాలకు ట్రైలర్ పంపులు వచ్చాయి. రెండు చక్రాల బండిపై ఇంజను, పంపు అమర్చి, లారీకో జీపుకో తగిలించి ఈడ్చుకుపోయే సాధనమిది. దానికి సొంత నీటి తొట్టి లేదు. చెరువు గట్టునో కాలువ ఒడ్డునో నిలిపి, గొట్టం నీటిలో వదిలి తోడాలి. భారత ప్రమాణాల ప్రకారం పెద్ద ట్రైలర్ పంపు నిమిషానికి 1800 లీటర్ల నీటిని వదలగలదు. కాలువలు నిండుగా ఉన్న డెల్టాకు అది అతికినట్టు సరిపోయే యంత్రం. కాలువ ఎండితే మాత్రం నిరుపయోగమే.

యుద్ధకాలంలోనే మరో ఘోరం జరిగింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలతో నిలిచిన ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయింది. మంటలు ఆర్పుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతికి చిహ్నంగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశవ్యాప్తంగా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతున్నారు. అమలాపురం, రాజోలు కేంద్రాల సిబ్బంది ఆ వారంలో పాఠశాలలకు, ఆసుపత్రులకు, బస్టాండ్లకు వచ్చి ప్రదర్శనలు ఇచ్చేది ఇందుకే. కాలువలు కట్టేసే వేళకు ఆ వారం రావడం యాదృచ్ఛికమే అయినా డెల్టాకు ఉపయోగకరమే.

స్వాతంత్య్రానంతరం 1955లో కేంద్రం అగ్నిమాపక సలహా మండలిని నెలకొల్పింది. 1956లో జాతీయ అగ్నిమాపక కళాశాల ప్రారంభమై, ఆ తర్వాత నాగపూర్‌కు తరలింది. ట్రైలర్ పంపుల స్థానంలో నీటి తొట్టితో సహా వచ్చే శకటాలు క్రమంగా ప్రవేశించాయి. అనేక రాష్ట్రాల్లో అగ్నిమాపక సేవలు పురపాలక సంఘాల చేతిలో ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వ శాఖే వీటిని నిర్వహిస్తోంది. 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఇందుకు ఆధారం. ప్రస్తుతం దీనిని రాష్ట్ర విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖగా వ్యవహరిస్తున్నారు.

రెండున్నర నిమిషాల నీరు

కేంద్రాల్లో సాధారణంగా కనిపించే పెద్ద నీటి శకటంలో 4500 లీటర్ల నీరు ఉంటుంది. వినడానికి ఎక్కువే. నిమిషానికి 1800 లీటర్లు తోడే పంపు పూర్తిస్థాయిలో పనిచేస్తే ఆ నీరు రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. నిమిషానికి 450 లీటర్లు విడిచే ఒక్క గొట్టంతో పొదుపుగా వాడినా పది నిమిషాలే. ఆ తర్వాత శకటం నీటి కోసం వెతుక్కోవలసిందే. ‘బండి వచ్చింది గానీ నీళ్లు లేవు’ అని ఊరివారు ఆగ్రహించే సందర్భాలకు అనేకసార్లు కారణం ఈ లెక్కే.

చెరువు దగ్గరలో ఉన్నంత మాత్రాన సమస్య తీరదు. శకటం గట్టు దాకా రాగలగాలి. నీటిమట్టం పంపు కంటే ఏడు మీటర్లకు మించి లోతున ఉంటే తోడటం కష్టం. గుర్రపుడెక్క, నాచు గొట్టంలో చిక్కుకోకుండా జాలీ ఉండాలి. కేవలం నీటి బరువే నాలుగున్నర టన్నులు. దానికి వాహనం బరువు తోడైతే కాలువలపై పాత వంతెనలు, మెత్తని గట్ల దారులు ఎంతవరకు మోస్తాయన్నది డ్రైవరుకు తెలియాలి. తోటల మధ్య విసిరేసినట్టున్న ఇళ్లకు దారి అడుగుతూ వెళ్లేసరికి విలువైన నిమిషాలు గడిచిపోతాయి.

సలహా మండలి నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం శకటం పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లో, గ్రామాల్లో 20 నిమిషాల్లో ప్రమాద స్థలానికి చేరాలి. పట్టణాల్లో 10 చదరపు కిలోమీటర్లకు, గ్రామీణ ప్రాంతాల్లో 50 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలి. రెండు మూడు మండలాలకు కలిపి ఒకే కేంద్రం ఉన్నచోట ఈ ప్రమాణం కాగితానికే పరిమితం. ఇరవై నిమిషాలనే తీసుకున్నా, ఎండిన తాటాకు ఇల్లు బూడిద కావడానికి అంత సమయం అక్కర్లేదు.

ఒక మేలు మాత్రం జరిగింది. పూర్వం నదీపాయ దాటాలంటే పడవలు, పంట్లే గతి. 2000 దశకం మొదట్లో యానాం-ఎదుర్లంక వారధి రావడంతో కాకినాడ వైపు నుంచి సాయం అందే దారి సుగమమైంది. ఒక కేంద్రంలోని శకటం చాలనప్పుడు పక్క కేంద్రాల నుంచి రప్పించే వీలు పెరిగింది. లంక గ్రామాలకు మాత్రం నేటికీ నీరే అడ్డు.

పాశర్లపూడి: 65 రోజుల మంట

1995 జనవరి 8న కోనసీమకు కొత్త రకం మంట పరిచయమైంది. పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి తవ్వుతుండగా అదుపు తప్పిన గ్యాస్ పైకి తన్నుకొచ్చి అంటుకుంది. ఆ మంట 65 రోజులపాటు, మార్చి 15 వరకు మండుతూనే ఉంది. చుట్టుపక్కల గ్రామాల ప్రజలను ఇళ్లు ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులను రప్పించారు. దేశ చమురు రంగ చరిత్రలో పెద్ద బ్లోఅవుట్లలో ఒకటిగా అది నిలిచిపోయింది.

నీటి శకటాలతో ఆర్పగలిగే మంట కాదది. ఇటువంటి బావి వద్ద నీటి పని మంటను ఆర్పడం కాదు, చల్లబరచడం. కరిగి కూలిన ఇనుప సామగ్రిని తొలగించేందుకు మనుషులు, యంత్రాలు దగ్గరకు వెళ్లాలంటే వారిపై, వాటిపై ఎడతెగకుండా నీటి తెర పడుతుండాలి. శిథిలాలు తీసిన తర్వాత బావి మూతిని బిగించాలి. గ్యాస్ రాకను నిలిపే ఏర్పాటు లేకుండా మంటను మాత్రమే ఆర్పితే, వెలగని గ్యాస్ ఊళ్ల మీదకు పాకుతుంది. అందువల్ల గ్యాస్ ఆగే వరకు మంటను మండనివ్వడమే ఒక్కోసారి క్షేమం. ‘మంట కనిపిస్తే ఆర్పాలి’ అని తరతరాలుగా నమ్మిన ప్రాంతానికి ఇది కొత్త పాఠం.

నగరం: కంటికి కనిపించని ప్రమాదం

పాఠంలోని రెండో భాగం 19 ఏళ్ల తర్వాత ప్రాణాలను బలిగొని మరీ తెలిసివచ్చింది. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాకకు చేరువలో, 2014 జూన్ 27న తెల్లవారుజామున గెయిల్ సంస్థకు చెందిన 18 అంగుళాల గ్యాస్ గొట్టం పగిలింది. వెలువడిన గ్యాస్ నిద్రలో ఉన్న ఇళ్లపై, కొబ్బరి తోటలపై కమ్ముకుంది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. 20 మందికి పైగా మరణించారు. ఇళ్లు, వాహనాలు కాలిపోయాయి. పచ్చని కొబ్బరి చెట్లు మోడులయ్యాయి. లీకుల గురించి ముందే ఫిర్యాదు చేశామని గ్రామస్థులు వాపోయారు. తేమ లేని గ్యాస్ కోసం ఏర్పరచిన గొట్టంలో తేమతో కూడిన గ్యాస్ ప్రవహించి లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది.

పాశర్లపూడిలో మంట మైళ్ల దూరం నుంచి కనిపించింది. జనాన్ని తరలించే వ్యవధి చిక్కింది. నగరంలో మంట కంటే ముందు గ్యాస్ వచ్చింది. అది కనిపించలేదు. ఎంత దగ్గరలో శకటం ఉన్నా ఆ క్షణానికి చేరగలిగేది కాదు. అక్కడ ప్రాణాలు నిలిపే అవకాశం రెండింటికే ఉండేది: గొట్టాన్ని ముందే మరమ్మతు చేయడం, లేదా గ్యాస్ పరచుకుందని తెలిసిన వెంటనే ఏ పొయ్యీ, ఏ దీపమూ వెలిగించకుండా ఊరంతా బయటకు నడవడం. మొదటిది సంస్థల బాధ్యత. రెండోది తెలియాలంటే ఊరికి ముందుగా ఎవరో చెప్పి ఉండాలి.

వంటగ్యాస్‌కు వాసన పదార్థం కలుపుతారు గనుక లీకైతే ముక్కుకు తెలుస్తుంది. దూర ప్రాంతాలకు సరఫరా చేసే పెద్ద గొట్టాల్లోని గ్యాస్‌కు ఆ వాసన ఉండకపోవచ్చు. బుసకొట్టే శబ్దం, కాలువ నీటిలో ఆగకుండా వచ్చే బుడగలు, గొట్టం దారిలో కారణం లేకుండా ఎండిన గడ్డి, మంచులాంటి తెర.. ఇవి లీకుకు సంకేతాలు. గొట్టం దారి పొడవునా పాతిన గుర్తు రాళ్లపై సంస్థ పేరు, అత్యవసర ఫోన్ నంబరు ఉంటాయి. ఆ నంబరును పంచాయతీ కార్యాలయ గోడపై రాయించుకున్న ఊరికి అర్ధరాత్రి వెతుకులాట తప్పుతుంది.

నేటి కేంద్రంలో ఏముంటాయి

కేంద్రానికి స్టేషన్ ఫైర్ ఆఫీసరు అధిపతి. ఆయన కింద లీడింగ్ ఫైర్‌మన్లు, డ్రైవర్ ఆపరేటర్లు, ఫైర్‌మన్లు పనిచేస్తారు. శకటాన్ని నడిపే వ్యక్తే పంపునూ నడపాలి. ఫోన్ మోగగానే ఊరు, ఆనవాలు, కాలుతున్న వస్తువు ఏమిటన్నది రాసుకుని నిమిషంలోగా బయలుదేరడం వారి శిక్షణలో భాగం.

నీటి శకటంతోపాటు నూనె మంటలకు నురుగు, విద్యుత్ మంటలకు పొడి రసాయనం, పొగలోకి వెళ్లేందుకు గాలి సిలిండరు, ముఖానికి తొడుగు వాడతారు. ప్రమాదానికి గురైన వాహనంలో చిక్కుకున్నవారిని తీసేందుకు రేకును చీల్చే, కోసే హైడ్రాలిక్ పనిముట్లు వచ్చాయి. ఇరుకు సందుల కోసం పొగమంచులా నీటిని చిమ్మే పరికరం అమర్చిన మోటారుసైకిళ్లు, చిన్న వాహనాలను శాఖ ప్రవేశపెట్టింది. నీటిని సన్నని తుంపరగా మార్చితే అది త్వరగా ఆవిరై వేడిని లాగేస్తుంది. తక్కువ నీటితో ఎక్కువ పని జరుగుతుంది. గట్ల దారులున్న కోనసీమకు పెద్ద శకటం కంటే ఇటువంటివే అక్కరకు వచ్చే సందర్భాలు ఎక్కువ.

వీరి పని మంటలకే పరిమితం కాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను వంటి విపత్తుల వేళ కూలిన చెట్లు తొలగించడం, 2022 జులైలో వచ్చినటువంటి గోదావరి వరదల్లో లంకవాసులను పడవలపై తరలించడం, బావుల్లో పడిన పశువులను తీయడం కూడా ఈ సిబ్బంది విధుల్లో భాగమయ్యాయి. ఒక శకటం ఒక పనిమీద వెళ్తే ఆ సమయంలో వచ్చే రెండో పిలుపునకు పక్క కేంద్రమే దిక్కు.

ఊరు చేయగలిగినది

తాటాకు ఇళ్లు తగ్గడంతో ఊళ్లలో పాత పద్ధతులూ మరుగున పడ్డాయి. గెడలు, కొక్కేలు అటకెక్కాయి. చెరువులు కొన్ని పూడిపోయాయి, కొన్నింటి గట్లు ఆక్రమణల పాలయ్యాయి. ప్రమాదం జరిగితే సాయానికి కదిలే చేతులకు బదులు సెల్‌ఫోన్‌లో చిత్రీకరించే చేతులు పెరిగాయి. మంటలు మాత్రం తగ్గలేదు. కొబ్బరి పీచు పరిశ్రమలు, కురిడీ నిల్వలు, వరిగడ్డి లారీలు, బాణసంచా తయారీ కేంద్రాలు, ఇంటింటా గ్యాస్ సిలిండరు.. మండే వస్తువులు మారాయంతే. 2025 అక్టోబరులో రాయవరం మండలంలో బాణసంచా కేంద్రంలో జరిగిన ప్రాణనష్టం ఇందుకు ఇటీవలి ఉదాహరణ.

శకటం దూరాన్ని ఒక్కరోజులో తగ్గించలేకపోవచ్చు. శకటం వచ్చాక వృథా అయ్యే సమయాన్ని మాత్రం ఊరు తగ్గించగలదు. కాలువలు కట్టే ముందు కనీసం ఒక చెరువును నింపి ఉంచడం, దాని గట్టు వరకు లారీ వెళ్లే దారిని ఖాళీగా ఉంచడం పంచాయతీ చేయగలిగిన పనులు. పొలాలకు నీరు తోడే ఆయిల్ ఇంజన్లు దాదాపు ప్రతి ఊరిలో ఉన్నాయి. ఎవరి ఇంజను ఎక్కడుంది, గొట్టం ఎంత పొడవుంది, డీజిల్ ఉందా అన్నది వేసవికి ముందే చూసుకుంటే శకటం వచ్చేలోపు అది ఊరి సొంత పంపు అవుతుంది. వచ్చిన తర్వాత శకటం తొట్టిని నింపడానికీ అదే ఆధారం.

ప్రమాద సమయంలో గుర్తుంచుకోవలసినవి

* అగ్నిమాపక కేంద్రానికి 101, అత్యవసర సేవలకు 112, అంబులెన్సుకు 108. ముందు ఫోన్ చేసి, ఆ తర్వాతే నీటికి పరుగెత్తాలి.
* ఊరి పేరుతోపాటు మండలం, గుడి, వంతెన, బడి వంటి ఆనవాలు చెప్పాలి. ఒకే పేరున్న ఊళ్లు ఉంటాయి. కాలుతున్నది ఇల్లా, గడ్డా, గ్యాసా అన్నది తప్పక తెలపాలి.
* ప్రధాన రహదారి మలుపు వద్ద ఒకరు నిలబడి శకటానికి దారి చూపాలి. రాత్రివేళ టార్చి ఉంచుకోవాలి.
* నీరు చల్లే ముందు కరెంటు ఆపించాలి. తీగలు తెగిపడితే ఎవరూ దగ్గరకు వెళ్లరాదు.
* కాలుతున్న నూనెపై నీరు పోయరాదు. బాణలిపై మూత వేయాలి, లేదా తడిపి పిండిన మందపాటి గుడ్డ కప్పాలి.
* గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయరాదు, ఆపరాదు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, ఆరుబయటికి వెళ్లాకే ఫోన్ వాడాలి.
* పెద్ద గొట్టం లీకైందని అనుమానం వస్తే వాహనం స్టార్టు చేయరాదు, పొయ్యి వెలిగించరాదు. గాలికి ఎదురుగా, లేదా అడ్డంగా నడిచి దూరంగా వెళ్లాలి. చూడటానికి గుమిగూడరాదు.
* పొగ నిండిన గదిలో నేలకు దగ్గరగా వంగి పాకుతూ బయటకు రావాలి. దుస్తులు అంటుకుంటే పరుగెత్తకుండా నేలపై దొర్లాలి. కాలిన చోట సిరా, పేస్టు, పేడ పూయరాదు. చల్లని మంచినీరు పోయాలి.
* కాలిన ఇంటిలోకి సామాను కోసం మళ్లీ వెళ్లరాదు.

పూర్వం పేట తగలబడినప్పుడు బిందె అందుకున్న ప్రతి చేతికీ తన స్థానం ఎక్కడో తెలుసు. నేడు బిందె స్థానంలో ఫోను, చెరువు స్థానంలో శకటం వచ్చాయి. ఎవరు ఫోన్ చేయాలి, ఎవరు దారి చూపాలి, ఎవరు కరెంటు ఆపించాలి, ఎవరు ముసలివారిని బయటకు తేవాలి అన్నది కాలువలు కట్టకముందే ప్రతి పేటలో ఒకసారి కూర్చుని అనుకుంటే చాలు. అందుకు నిధులు అక్కర్లేదు, అనుమతులూ అక్కర్లేదు.